తాటాకులను గోదారిలో వదలకండి

పాతసామాను: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గౌతమి పాయ మధ్యలో ఉన్న మా లంకలో, పాత బడి తాలూకు రెండు గదుల్లో మేం పోగుచేసిన పాతసామాను గురించి కిందటిసారి రాశాను. దాన్ని చదివి చాలామంది ఉత్తరాలు రాశారు. ఎక్కువ ఉత్తరాలు సంతోషం కలిగించాయి. ఒకటి చదివితే మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. దానితోనే మొదలుపెడతాను.

టీచరు గారికి నమస్కారం. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. అత్తగారి మండువా లోగిలి పడగొట్టి డాబా కట్టుకుంటున్నాం. అటక మీద భోషాణంలో పదకొండు తాటాకు కట్టలు దొరికాయి. కొన్నింటికి పురుగు పట్టింది. చదవడం మాలో ఎవరికీ రాదు. మావయ్యగారు ఉన్నన్నాళ్లూ దసరాకి వాటికి పూజ చేసేవారు. ఇప్పుడు చిల్లులు పడ్డ గ్రంథాలు ఇంట్లో ఉంటే దోషమనీ, పుష్కరాల్లో గోదారిలో వదిలేద్దామనీ మా బావగారు అంటున్నారు. ఏం చేయమంటారు? (ఒక సోదరి, రాజోలు)

అమ్మా, వదలొద్దు. మీ బావగారికి నా మాటగా చెప్పండి, చేతులు జోడించి అడుగుతున్నానని చెప్పండి.

2003 పుష్కరాల్లో కోటిపల్లి రేవులో నా కళ్ల ముందే ఒక పెద్దాయన పసుపు గుడ్డలో చుట్టిన కట్టను భక్తిగా నీళ్లలో వదిలారు. తాడు ఊడి ఆకులు విడిపోయాయి. నేను మోకాలి లోతు దాకా దిగి దొరికినన్ని ఏరాను. ఏడు దొరికాయి. ఇంటికి తెచ్చి నీడన ఆరబెట్టాను. చదవగలిగిన మనిషి చేత చదివించడానికి రెండేళ్లు పట్టింది. అందులో ఉన్నది పురాణం కాదమ్మా, పశువుల వైద్యం. గాలికుంటు వచ్చిన ఎద్దుకి గిట్టల మధ్య ఏం పూయాలో మొదలుపెట్టి, ఒక చెట్టు బెరడు పేరు చెప్పి, దాన్ని దేనితో కలపాలో చెప్పబోతూ ఆకు అయిపోయింది. తరవాతి ఆకు గోదారిలో ఉంది. మా గదిలో ఆ ఏడు ఆకులూ అద్దం కింద ఉన్నాయి. చూసిన ప్రతి రైతూ 'తరవాత ఏముందండీ?' అని అడుగుతాడు.

దోషం మాటకొస్తే, పెద్దలు శిథిలమైన గ్రంథాన్ని నీళ్లలో వదిలిన మాట నిజమే. అయితే ముందు దాన్ని కొత్త ఆకుల మీదికి ఎక్కించి, సరిచూసుకుని, ఆ తరవాతే పాతదాన్ని వదిలేవారు. మనకి మొదటి పని చేసే ఓపిక పోయి రెండోది మాత్రం మిగిలింది. మీ మావయ్యగారు దసరాకి పూజ చేసేవారన్నారు కదా, ఆ పూజ ఇప్పుడు ఇంకో రూపంలో చేయండి. 2027 పుష్కరాలకి ఇంకా వ్యవధి ఉంది, ఈలోగా చేయగలిగిన పనులివి.

ఇల్లు పడగొట్టే దుమ్ములోంచి కట్టల్ని ముందు బయటికి తీసుకురండి. ఎండలో పెట్టకండి, నీళ్లతో తుడవకండి. ఒక్కో కట్టని వేరు వేరుగా శుభ్రమైన పాత నూలు పంచె మీద విప్పండి. పదకొండు కట్టలూ ఒకేసారి విప్పితే ఆకులు కలిసిపోతాయి, తరవాత ఏ దేవుడూ విడదీయలేడు. మెత్తని పెయింటు బ్రష్‌తో ఆకు పొడవునా, ఒక్క దిక్కుగానే దులపండి. విరిగిన ముక్కల్ని ఒక కవరులో వేసి అదే కట్టతో ఉంచండి. పైనా కిందా ఉండే చెక్కల్నీ, తాడునీ పారేయకండి. పురుగు పట్టిన కట్టల్ని మిగతావాటికి దూరంగా ఇంకో గదిలో పెట్టండి. సెల్లోటేపు అంటించడం, లామినేషన్ చేయించడం పొరపాటున కూడా చేయొద్దు.

తరవాత సెల్‌ఫోనుతో ప్రతి ఆకుకీ రెండు వైపులా ఫోటో తీయండి. పక్కన బడిపిల్లల స్కేలు ఒకటి పెడితే ఆకు కొలత కూడా తెలుస్తుంది. చాలా కట్టల్లో ఆకు ఎడమ అంచున తెలుగు అంకెల్లో వరస సంఖ్య ఉంటుంది. మీ పిల్లలకి ౧, ౨, ౩ నేర్పండి, గంటలో పట్టేస్తారు. ఆ అంకెల వరసలో పెట్టుకుంటే ఎన్ని ఆకులు పోయాయో మీకే తెలిసిపోతుంది.

అక్షరాలు కనపడకపోతే ఖాళీ ఆకులనుకోకండి. గంటంతో గీసిన గీతలో మసి నింపితేనే అక్షరం నల్లగా కనిపిస్తుంది. మసి రాలిపోయిన ఆకుని కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని చూడండి, గీతలు మెరుస్తాయి. మసి మీరు పూయొద్దు, అది తెలిసినవాళ్ల పని. నిమ్మగడ్డి నూనె రాస్తే ఆకు మెత్తబడుతుంది, పురుగూ దూరంగా ఉంటుంది. కానీ ఏ ఆకుకి రాయాలో, ఎంత రాయాలో పక్కన ఉండి చెప్పే మనిషి కావాలి.

చదవడం రాలేదని సిగ్గుపడకండి. ఈ ఆకుల్లో మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉండదు. 'ఎ'కీ 'ఏ'కీ, 'ఒ'కీ 'ఓ'కీ తేడా చూపకుండా రాసినవి ఎక్కువ. నలభై ఏళ్లు తెలుగు చెప్పిన నేను మొదటి ఆకు దగ్గర చతికిలపడ్డాను. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో తాళపత్రాలున్నాయి, తిరుపతిలో వెంకటేశ్వర విశ్వవిద్యాలయం వారి ప్రాచ్య పరిశోధన సంస్థ ఉంది. మీ ఫోటోలు పట్టుకుని అలాంటి చోటికి ఎవరినైనా పంపండి. ఆకులు మీ దగ్గరే ఉండొచ్చు. 75 ఏళ్లు దాటిన విలువైన రాతప్రతి 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది, దేశం దాటించకూడదు. ఎవరో కారేసుకుని వచ్చి కట్టకింత అని డబ్బు ఇస్తామంటే ఆశపడకండి.

బావగారు ఇంకా ఒప్పుకోకపోతే ఇంకో సంగతి చెప్పండి. మన కోనసీమలోని నందంపూడిని రాజరాజ నరేంద్రుడు నారాయణభట్టుకి అగ్రహారంగా ఇచ్చాడు. నన్నయగారికి భారత రచనలో తోడు నిలిచిన నారాయణభట్టు ఆయనే. ఆ దానం సంగతి మనకి తెలిసింది రాగిరేకులు మిగలబట్టే. వేయేళ్ల కిందటివి. ఆ రేకుల్ని ఎవరైనా పాత రాగి కింద కరిగించి బిందె చేయించుకుని ఉంటే ఆ ఊరికి ఆ కథ ఉండేది కాదు.

చివరిగా ఒక్కటి. కట్టల్ని చూడగానే మీ అత్తగారిని కూర్చోబెట్టి అడగండి. ఇవి ఎవరివి, ఎవరు చదివేవారు, దసరా నాడు ఏ కట్ట పైన పెట్టేవారు అని. ఆమె చెప్పింది చెప్పినట్టు నోటుబుక్కులో రాసి, కింద ఆమె పేరూ తేదీ వేయండి. ఇది మాత్రం వాయిదా వేయొద్దమ్మా. ఆకులు ఇంకో యాభై ఏళ్లు ఆగుతాయి.

నేను ఇంటర్ చదువుతున్నాను. కాలేజీ వాళ్లం మీ మ్యూజియం చూశాం. రెండో గదిలో గోడ లేకుండా ఉత్త ద్వారబంధం ఒకటి నిలబెట్టారు. దానికి తలుపులు కూడా లేవు. అంత చోటు దానికెందుకు ఇచ్చారు మేడమ్? (అమలాపురం)

అడిగినందుకు సంతోషం బాబూ. చాలామంది దాన్ని దాటుకుని గంగాళాల దగ్గరికి వెళ్లిపోతారు.

ఆ ఇల్లు మా లంక తూర్పు ఒడ్డున ఉండేది. ఇప్పుడు ఆ చోట పడవ పోతుంది. లంకలో పుట్టినవాళ్లకి ఇది కొత్త కాదు. గోదారి ఒక పక్క కోస్తుంది, ఇంకో పక్క మేట వేస్తుంది. పట్టాలో ఎకరాలు ఉంటాయి, కింద నేల ఉండదు. ఆ ఇంటి వాళ్లు ముందు కొబ్బరితోట పోగొట్టుకున్నారు, తరవాత పశువుల పాక. ఏరు పెరటి గోడ దాకా వచ్చాక ఇల్లు విప్పేశారు. పెంకులూ దూలాలూ అమ్ముకున్నారు. ద్వారబంధాన్ని మాత్రం ఆ ఇంటి పెద్దావిడ అమ్మనివ్వలేదు. పడవలో వేయించి మా బడికి పంపింది. 'మీ గదిలో నిలబెట్టండి, నేను అప్పుడప్పుడూ వచ్చి దాటి వెళ్తాను' అంది. బతికున్నన్నాళ్లూ వచ్చింది.

మళ్లీ వచ్చినప్పుడు దగ్గరికి వెళ్లి చూడు. పైన పట్టీ మీద గజలక్ష్మి చెక్కి ఉంటుంది. ఎడమ ఏనుగు తొండం అరిగిపోయింది, ఎందుకంటే తోరణం కట్టే మేకు సరిగ్గా అక్కడే ఉంది. ఏడాదికి ఎన్ని పండగలో అన్నిసార్లు మావిడాకుల తాడు దాన్ని ఒరుసుకుంది. గడప దగ్గర కింద కూర్చుని పక్క నుంచి చూస్తే పసుపు మందంగా, పొరలు పొరలుగా పేరుకుని ఉంటుంది. శుక్రవారం శుక్రవారం రాసిన పసుపు. మేం దాన్ని గీకలేదు, ఎవరినీ గీకనివ్వం.

కుడి కమ్మీ లోపలి వైపు, మనిషి భుజమంత ఎత్తులో, కత్తితో పెట్టిన గాట్లున్నాయి. నాలుగు నిలువు గాట్లు, పక్కన చిన్న ఖాళీ, మళ్లీ నాలుగు. మొదట్లో మేం పిల్లల ఎత్తు కొలిచిన గుర్తులనుకున్నాం. ఆ పెద్దావిడే సరిచేసింది. కొబ్బరికాయ దింపు అయిన రోజున ఆమె మావగారు గుమ్మంలో నిలబడి లెక్క పెట్టించేవాడట. దింపువాళ్లు చేతికి రెండేసి కాయలు తీసి పుంజీలుగా వేస్తుంటే, పాతిక పుంజీలకి, అంటే వందకి ఒక గాటు. దింపుకి దింపుకి మధ్య ఖాళీ. ఆ ఇంట్లో ఏ ఏడు ఎలా గడిచిందో ఆ గాట్లలో ఉంది. ఒక చోట గాట్లు ఒకటి రెండుకి పడిపోయి కొంత దూరం అలాగే సాగుతాయి. '1996 తుపాను' అని చెప్పింది ఆమె. ఆ ఏడు నవంబరు 6 రాత్రి కోనసీమలో తలలు తెగి పడిపోయిన చెట్లని చూసినవాళ్లకి వేరే వివరం అక్కర్లేదు.

ఆమె చెప్పకపోయి ఉంటే అవి ఇవాళ్టికీ పిల్లల ఎత్తు గుర్తులే.

మా పొలం గట్టు తవ్వుతుంటే రాగి నాణెం ఒకటి దొరికింది. పెద్ద వీ అక్షరం, దాని రెండు కాళ్ల మీద ఓ, సీ ఉన్నాయి. చింతపండుతో తోమితే బాగా కనిపిస్తుందంటున్నారు. విలువ ఎంత ఉంటుంది? (నరసాపురం దగ్గర నుంచి ఒక రైతు)

తోమకండి. నాణెం మీద పచ్చగా నల్లగా ఉన్న పొరే దానికి కవచం. చింతపండు పులుపు ఆ పొరతో పాటు అక్షరాల అంచుల్నీ తినేస్తుంది. మంచినీళ్లలో ముంచి, మెత్తటి గుడ్డతో అద్ది, పొడి కాగితంలో చుట్టి పెట్టండి చాలు.

ఆ మూడక్షరాలు డచ్చి ఈస్టిండియా కంపెనీ గుర్తు. 1602లో పుట్టి 1799తో ముగిసిపోయిన కంపెనీ అది. మనవాళ్లు ఆ దేశస్థుల్ని వలందులనేవారు, మచిలీపట్నంలో వలందపాలెం పేరు అలా వచ్చిందే. మీకు దగ్గరలోని పాలకొల్లులో వాళ్ల వ్యాపార స్థావరం ఉండేది, వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. మన నేత గుడ్డల కోసం వచ్చినవాళ్లు. కాబట్టి మీ పొలంలో ఆ నాణెం దొరకడం వింత కాదు. సాధారణంగా ఒక పక్క కింది భాగంలో సంవత్సరం ఉంటుంది, భూతద్దంతో చూడండి.

విలువ గురించి నేను చెప్పను, చెప్పేవాళ్లని నమ్మొద్దని మాత్రం చెబుతాను. ఇలాంటి చిల్లర నాణేలు లక్షలు పలుకుతాయని ఫోన్లో చెప్పి ముందుగా ఫీజు కట్టించుకునే మోసగాళ్లున్నారు. ఇంకొకటి, నేలలో దాచిపెట్టిన నిధి ఏదైనా పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకి తెలపాలని 1878 నాటి చట్టం చెబుతుంది. ఒక్క నాణెమే కదా అనుకోకుండా, దొరికిన చోటూ లోతూ రాసిపెట్టుకుని తాసీల్దారు గారికి ఒక ముక్క తెలియజేయండి. ఇంకో నాలుగు దొరికితే అక్కడ తవ్వడం ఆపేయండి. అవి ఏ లోతులో, ఒక కుండలో ఉన్నాయా విడిగా ఉన్నాయా అన్నదే అసలు సమాచారం.

మా అమ్మమ్మ మొగల్తూరులో లేసు అల్లేది. ఆమె పోయాక బీరువాలో దళసరి నీలం కాగితాలకి కుట్టి ఉన్న లేసు ముక్కలు దొరికాయి, నలభై దాకా ఉంటాయి. ఒకదాని లాంటిది ఇంకొకటి లేదు. ఇలాంటివి మ్యూజియంలో పెట్టేంతటివేనా? (హైదరాబాదు నుంచి ఒక మనవరాలు)

తల్లీ, నా మటుకు నాకు మా గదిలో రాగి గంగాళం కంటే అలాంటి ఒక్క ముక్క ఎక్కువ.

నరసాపురం ప్రాంతంలో లేసు పని పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీ దంపతుల ద్వారా వచ్చింది. మెక్రే అని చెప్పుకుంటారు. తరవాత అది అరుగుల మీదికీ వంటింటి గుమ్మాల్లోకీ చేరింది. వంట అయ్యాక, పిల్లాణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకుని, దారం ఉండ కొంగులో వేసుకుని ఆడవాళ్లు అల్లారు. ఆ లేసు ఓడలెక్కి దూరదేశాల బల్లల మీద పరుచుకుంది. వ్యాపారుల పేర్లు మిగిలాయి. అల్లిన చేతుల పేర్లు ఎక్కడా లేవు. ఇప్పుడు మీ దగ్గర నలభై ముక్కలున్నాయి, అల్లిన మనిషి పేరు మీకు తెలుసు. ఆ రెండూ ఒక్క చోట దొరకడం ఎంత అరుదో మీకు తెలియకపోవచ్చు.

బహుశా అవి ఆమె నమూనాలు. కొత్త అల్లిక చూసినప్పుడు చిన్న ముక్కగా అల్లి పెట్టుకుంటే, ఆర్డరు వచ్చినప్పుడు చూసి గళ్లు లెక్కపెట్టుకోవచ్చు. మా అమ్మ కూడా అలాగే చేసేది. కాగితం వెనకాల అంకెలున్నాయేమో చూడండి, అల్లికలో గొలుసుల లెక్క కావచ్చు, కూలి లెక్క కూడా కావచ్చు.

ఆ నీలం కాగితం లేసుని పాడుచేస్తుంది. రంగు దిగుతుంది, ఆమ్లం పట్టి దారం పసుపెక్కి పెళుసవుతుంది. ముందు ప్రతి కాగితానికీ రెండు వైపులా ఫోటో తీసి, ఆ తరవాత కుట్టు దారాన్ని మాత్రం చిన్న కత్తెరతో తెంచి ముక్కని విడదీయండి. ఉతికిన తెల్లటి నూలు గుడ్డలో చదునుగా పెట్టండి, మడతలు వద్దు. కలరా ఉండలు గుడ్డకి తగలనివ్వకండి. కాగితాల్ని కూడా పారేయకుండా వేరే కవరులో దాచండి. సబ్బూ బ్లీచూ జోలికి పోవద్దు. మరకలు ఉంటే ఉండనివ్వండి, అవి ఆమె చేతివే కదా.

మీ అమ్మగారికి ఎన్ని అల్లికల పేర్లు గుర్తున్నాయో అడిగి రాసుకోండి. ఆ పేర్లు అల్లినవాళ్ల నోళ్లలో తప్ప ఇంకెక్కడా లేవు. మాకు ఇస్తానంటే నాలుగు ముక్కలు చాలు, మిగతావి మీ ఇంట్లో ఉండాలి. వాటి కింద ఆమె పేరు రాస్తాం. లేసు ముక్క కంటే పెద్ద అక్షరాలతో రాస్తాం.

మా పాత ఇంటి మంగుళూరు పెంకు వెనక 1868 అని ఉంది. మా ఇల్లు అంత పాతదా? (ద్రాక్షారామం)

అవ్వాలని లేదండి. మంగుళూరులో పెంకుల ఫ్యాక్టరీ ముందు 1865లో బాసెల్ మిషన్ వాళ్లు పెట్టారు. 1868లో ఆల్బుకర్క్ వాళ్లది మొదలైంది. తమ కంపెనీ పుట్టిన ఏడుని పెంకు మీద ముద్ర వేసుకునే అలవాటు ఉండేది, ఆ తరవాత ఎన్నో ఏళ్ల పాటు అదే అంకె వేశారు. ఇంటి వయసు కోసం దస్తావేజు చూడండి, లేదా దూలం మీద వడ్రంగి చెక్కిన తెలుగు సంవత్సరం పేరు వెతకండి. పెంకు మాత్రం ఒకటి దాచండి.

మీ గదిలో ఒకే సైజులో రెండు ఇత్తడి కుంచాలు పక్కపక్కనే పెట్టారు. రెండెందుకు? (రావులపాలెం నుంచి వచ్చిన చూపరి)

చూడటానికే ఒకే సైజు. కుంచానికి పదహారు సోలలు ఉండాలి. మేం నీళ్లు పోసి కొలిచాం. ఒకటి సరిగ్గా ఉంది, రెండోది దాదాపు సోలెడు తక్కువ పట్టింది, దాని అడుగు లోపలికి మందంగా పోసి ఉంది. రెండూ ఒకే ఇంటివి. కూలికి ధాన్యం కొలిచిచ్చేది తక్కువ కుంచంతో, అప్పు కింద తిరిగి పుచ్చుకునేది నిండు కుంచంతో. ఇచ్చినాయన మనవడే ఈ సంగతి మాకు చెప్పాడు, తల దించుకుని చెప్పాడు. ఆ మాట రిజిస్టరులో రాయమని తనే పట్టుబట్టాడు. అందుకు ఆయనంటే నాకు చాలా గౌరవం. పదహారింట ఒక వంతు, అంటే వీసం. రోజుకి వీసం చొప్పున ఎన్ని కుటుంబాల గంజిలోంచి తీశారో ఆ కుంచం ముందు నిలబడితే తెలుస్తుంది.

మా తాతగారి గ్రామఫోను, గోడకున్న జింక కొమ్ములు, పూజలో ఉన్న పంచలోహ విగ్రహం మీ మ్యూజియానికి ఇద్దామనుకుంటున్నాం. కొంటారా? (విశాఖపట్నం)

కొనమండీ, మా దగ్గర డబ్బు లేదు, ఉన్నా కొనం. కొంటారని తెలిస్తే ఊళ్లలో గుళ్ల నుంచీ ఇళ్ల నుంచీ వస్తువులు మాయమవడం మొదలవుతుంది. పూజలో ఉన్న విగ్రహం మీ ఇంట్లోనే పూజలో ఉండాలి. జింక కొమ్ములకి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది, వాటి సంగతి అటవీ శాఖ వారిని అడగండి, చేతులు మార్చొద్దు. గ్రామఫోను ఇవ్వండి. దానితో పాటు మీ తాతగారు ఏ రికార్డు ఎక్కువ వేసేవారో కూడా చెప్పండి.

వరదలో తడిసిన ఫోటోలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఎలా విడదీయాలి? (పి.గన్నవరం మండలం, లంక గ్రామం)

ఈ ప్రశ్న చదివి నేను కాసేపు పెన్ను కింద పెట్టేశాను.

మా నాన్న పడవ సరంగు. ఆయన చుక్కాని పట్టుకుని నిలబడ్డ ఫోటో ఒక్కటంటే ఒక్కటి ఉండేది, అద్దం కట్టించి గోడకి పెట్టాం. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది. మా ఇంట్లో నీళ్లు కిటికీ ఎక్కాయి. నీరు తీశాక ఫోటో అద్దానికి అంటుకుపోయి ఉంది. టౌన్లో ఒక స్టూడియోకి తీసుకెళ్లాను. అక్కడి కుర్రాడు నేను వద్దనే లోపే మూల పట్టి లాగాడు. కాగితం నా చేతిలోకి వచ్చింది, నాన్న మొహం అద్దానికే ఉండిపోయింది. ఆ అద్దం ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

కాబట్టి లాగకండి. ఇంకా తడిగానే ఉంటే ఆరనివ్వకండి, ఆరితేనే అంటుకుంటాయి. పళ్లెంలో చల్లటి శుభ్రమైన నీళ్లు పోసి కట్టని అలాగే ముంచండి. కాసేపటికి వాటంతటవే వదులవుతాయి, నీళ్లలోనే మెల్లగా విడదీయండి. బొమ్మ ఉన్న వైపు వేలు తగలకూడదు. బురద పోయాక బొమ్మ పైకి ఉండేలా తెల్ల కాగితం మీదో గుడ్డ మీదో నీడన పరచండి. న్యూస్‌పేపరు వద్దు, సిరా అంటుతుంది. రెండు రోజులు దాటితే బూజు వస్తుంది. ఒకేసారి అన్నీ చేయలేకపోతే ప్లాస్టిక్ కవర్లలో పెట్టి ఫ్రిజ్‌లో ఐసు అరలో ఉంచండి, వీలైనప్పుడు కొన్ని కొన్ని తీసుకోవచ్చు. అద్దానికి అంటుకుని ఆరిపోయినవాటిని మాత్రం విడదీసే ప్రయత్నమే చేయకుండా, అద్దంతో పాటే దాచి, అద్దం మీది నుంచే మంచి వెలుగులో ఫోటో తీయించండి. నాకు అప్పుడు ఈ మాట చెప్పేవాళ్లు లేరు.

మీ మ్యూజియం చూడటానికి ఎప్పుడు రావాలి? వరదలప్పుడు ఆ సామానంతా ఏం చేస్తారు? (రామచంద్రపురం)

ఆదివారాలు పొద్దున్న రండి, రేవులో పడవ ఉంటుంది. జులై, ఆగస్టుల్లో మాత్రం బయలుదేరే ముందు ధవళేశ్వరం నీటిమట్టం కనుక్కోండి. అక్కడ 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక వేస్తారు, అప్పటికి మేం అటక ఊడ్చి సిద్ధంగా పెట్టుకుంటాం. 13.75కి రెండో హెచ్చరిక. అది పడగానే పైకి ఎక్కించడం మొదలుపెడతాం, ఆ తరవాత పడవలు ఆపేస్తారు.

ముందు ఎక్కేది రిజిస్టర్లు. మూడున్నాయి. ఏ వస్తువు ఎవరింటిది, ఎవరు వాడారు, ఆ సంగతి ఎవరు చెప్పారు అన్నది అందులో ఉంది. వాటిని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి దూలానికి కడతాం. తరవాత తాటాకులు, ఫోటోలు, లేసు. తరవాత కుంచాలు, మరచెంబులు, లాంతర్లు. గంగాళాలూ రోళ్లూ కిందే ఉంటాయి, నీళ్లు వాటిని ఏమీ చేయవు. 2022 జులైలో కుర్రాళ్లు ఆరుగురు కలిసి ఒక్క రాత్రిలో అంతా ఎక్కించారు.

ద్వారబంధం అటక మీద పట్టదు. దాన్ని రెండు కొబ్బరి తాళ్లతో నడిమి స్తంభానికి కట్టి, గడప చుట్టూ పాలిథీన్ పట్టా చుట్టి, పసుపు పొర తడవకుండా ఇసక బస్తాలు పేరుస్తాం. ఆ ఏడు నీళ్లు రెండో మెట్టు దాకా వచ్చి ఆగాయి.